ఏడో అంతస్తులో నా హాజరు

దయ్యాలూ భూతాలూ నాకు పడవు. చిన్నప్పుడు కరెంటు పోగానే మా పిన్ని కొడుకులు కథలు మొదలుపెట్టేవారు. ఆ కథల్లో తప్పులు పట్టుకునేదాన్ని నేను. పాదాలు వెనక్కి తిరిగి ఉంటే మెట్లెలా ఎక్కిందిరా అని అడిగితే వాళ్ళకి ఎక్కడలేని కోపం వచ్చేది. కథంతా పాడుచేసేస్తావే అని నన్ను అవతలికి పొమ్మనేవారు.

పెద్దయ్యాక అదే నా ఉద్యోగమైంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. పనిచేస్తోందని ఎవరు చెప్పినా నమ్మను. నేను చేసి చూడాలి, రెండోసారి చూడాలి, చూసింది రాసుకోవాలి. ఇంట్లోనూ ఇదే గోల. గ్యాస్ కట్టేశానని మా ఆయన చెప్పినా, లేచి వెళ్ళి చూసి వస్తాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివి "పాపం, ఇంట్లో కూర్చుని కూర్చుని బుర్ర పాడైంది" అనేవాళ్ళు ఉంటారు. ఇప్పటికే ఇద్దరు అన్నారు. అననివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఒక్క ముక్క కూడా కలపను.

మేముండేది ప్రగతి నగర్‌లో. మా ఆయనది ప్రభుత్వోద్యోగం, పాప పదో తరగతి. మా ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో ఏడో అంతస్తు. కరోనా వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం మా అందరి చేతుల్లో లాప్‌టాప్‌లు పెట్టి, రెండు వారాలు ఇంటి నుంచి చేయమన్నారు. ఆ రెండు వారాలు నాలుగేళ్ళయ్యాయి.

ఆ నాలుగేళ్ళలో నా పని ఒక్కరోజు ఆగలేదు. అంతకుముందు నిజాంపేట క్రాస్‌రోడ్స్ దాటేసరికే సగం ప్రాణం పోయేది. రానూపోనూ రెండున్నర గంటలు రోడ్డు మీదే. పాపకి లెక్కలు క్యాబ్‌లోంచి ఫోన్లో చెప్పేదాన్ని. ఇంటి నుంచి మొదలుపెట్టాక ఆ సమయమంతా తిరిగొచ్చింది. కొంత పాపకి, కొంత పనికి, ఒక అరగంట అచ్చంగా నాకు. నడుము నొప్పి కూడా పోయింది.

తర్వాత మెయిల్ వచ్చింది. ఇకనుంచి మంగళ, బుధ, గురువారాలు అందరూ ఆఫీసుకి రావాలి, గేటు దగ్గర కార్డు స్వైప్ చేయాలి. కలిసి కూర్చుంటేనే కొత్త ఆలోచనలు పుడతాయట. నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళుగా పుట్టిన ఆలోచనలన్నీ ఎవరివి మరి? ఏడో అంతస్తు ఖాళీగా కనిపిస్తే పైవాళ్ళకి వెలితిగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. ఆ మాట చెప్పచ్చుగా.

చాలామంది ఒక ఉపాయం కనిపెట్టారు. పొద్దున్నే వెళ్ళడం, స్వైప్ చేయడం, కాఫీ తాగడం, గంటలో ఇంటికొచ్చేయడం. నాకు ఆ వేషాలు చేతకావు. వస్తే వస్తాను, రాకపోతే రాను. "నా పనిలో ఒక్క తప్పు చూపించండి, ఆ మర్నాడే వస్తాను" అని తిరుగు మెయిల్ పెట్టాను.

మా మేనేజర్ రవికిరణ్ ఫోన్ చేశాడు. నంద్యాల అబ్బాయి, నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు, మంచివాడే.

"మేడం, నా మాట ఇనండి. ఒక్క నెల రాండి సాలు. పైవాళ్ళకు నేను సమాధానం చెప్పుకోవల్ల."

"రాను రవీ" అన్నాను.

వెళ్ళలేదు. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. నోటీసు వస్తుందని రోజూ ఎదురుచూశాను. దానికి జవాబు కూడా రాసి పెట్టుకున్నాను, చాలా ఘాటుగా. నోటీసు రాలేదు. దాని బదులు ఆఫీసుకి క్రమం తప్పకుండా వస్తున్నవాళ్ళని మెచ్చుకుంటూ ఒక జాబితా వచ్చింది. అందులో నా పేరు ఉంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత టెస్టర్ బుద్ధి ఊరుకోలేదు. "మీ జాబితా తప్పు. నేను ఒక్కరోజు కూడా ఆఫీసుకి రాలేదు. సరిచూసుకోండి" అని హెచ్ ఆర్ వాళ్ళకి రాశాను. మెప్పు ఉత్తరం వస్తే తిరగ్గొట్టే మనిషిని నిన్నే చూశాను, నోరు మూసుకుని ఉంటే పోయేది కదా, అని మా ఆయన ఇప్పటికీ అంటారు. రానిదానికి వచ్చానని ఎలా ఒప్పుకుంటాను?

వాళ్ళు సరిచూశారు. మూడు నెలలుగా ప్రతి మంగళ, బుధ, గురువారాలు నా కార్డు పొద్దున తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి లోపలికి, సాయంత్రం ఆరూ పదికి బయటికి పడుతోంది. అవే గంటల్లో నేను ప్రగతి నగర్‌లో మా ఇంటి నుంచి లాగిన్ అయి ఉన్నాను. ఒకే మనిషి రెండు చోట్ల ఎలా ఉంటుంది? దానికి వాళ్ళు ఒక్క మాటలో జవాబు తేల్చేశారు. ప్రాక్సీ.

కాలేజీలో చదువుకున్నవాళ్ళకి ఆ మాట కొత్త కాదు. క్లాసుకి రాని స్నేహితుడి పేరు పిలిచినప్పుడు, గొంతు మార్చి "ఎస్ సార్" అనడం. మా ఆఫీసులో కూడా అంతకుముందు ఒకాయన తన కార్డు డ్రైవర్‌కిచ్చి స్వైప్ చేయించుకుంటూ దొరికిపోయాడు. అంచేత నేనూ అదే చేశానన్నారు. నా కార్డు మూడు నెలలుగా మా బీరువాలో చీరల కింద ఉందండీ అంటే, దొంగచాటుగా ఇంకో కార్డు చేయించి ఉంటానన్నారు.

ఆ కార్డు ఎవరికిచ్చానో కూడా వాళ్ళే తేల్చారు. యాదమ్మకి.

యాదమ్మ మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. చందానగర్ నుంచి వస్తుంది, పదకొండేళ్ళుగా ఆ అంతస్తు తుడుస్తోంది. అందరికన్నా ముందు ఏడింటికే లోపల ఉంటుంది. నా పేరు చెప్పి, పద్మజ మేడం వస్తున్నారా అని అడిగితే, "రోజు వస్తది కద సార్" అందట. నన్ను కాపాడడానికి అబద్ధం చెబుతోందని వాళ్ళు అనుకున్నారు. నా మెయిల్ వల్ల ఆ మనిషి ఇరుక్కుంది. ఆ సంగతి విన్నాక ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఒక గురువారం పదకొండు గంటలకి విచారణకి రమ్మన్నారు. పిలిచింది తప్పు చేశానని కాబట్టి, తప్పు చేయలేదని చెప్పడానికి వెళ్ళాను. లేకపోతే వెళ్ళేదాన్ని కాదు. మంచి నేత చీర కట్టుకుని, కార్డు పర్సులో పెట్టుకుని వెళ్ళాను. దాన్ని స్వైప్ చేయద్దని, అది సాక్ష్యమని, కింద సెక్యూరిటీ ఆఫీసర్ జహంగీర్ గారు విజిటర్ చీటీ రాసిచ్చారు. ఎవరో ఆ కార్డు వాడుతుండగా పట్టుకోవాలని దాన్ని ఇంకా ఆపలేదట.

నాలుగేళ్ళ తర్వాత ఏడో అంతస్తులో లిఫ్ట్ దిగాను. సగం అంతస్తు చీకటి. ఎవరైనా కదిలితేనే వెలిగే దీపాలు పెట్టారు, పది నిమిషాలు కదలిక లేకపోతే ఆరిపోతాయి. మనుషులు ఉన్నచోట మాత్రం అక్కడక్కడ వెలుగు. ఇంతోటి దానికా మమ్మల్ని ఈడ్చుకొచ్చేది అనుకున్నాను.

టీ కలుపుకునే పాంట్రీ తలుపు దగ్గర యాదమ్మ బకెట్టుతో ఎదురైంది. నన్ను చూసి బకెట్టు కింద పెట్టింది.

"గిదేంది మేడం, పొద్దుగాల పచ్చ డ్రెస్ల వచ్చినవ్. గింతల్నే చీర కట్టుకొచ్చినవా?"

నాకు ముందు కోపం వచ్చింది. వాళ్ళు చెప్పమన్న మాటలు చెబుతోందేమో అనుకున్నాను. కానీ యాదమ్మ మొహంలో ఏ కల్మషమూ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయి నా చీర కుచ్చిళ్ళు చూస్తోంది.

పచ్చ డ్రెస్సు నాకు ఒకప్పుడు ఉండేది. ముదురాకుపచ్చ, మెడ దగ్గర తెల్ల కుట్టు. లాక్‌డౌన్‌లో రంగు వెలిసిపోతే చింపి బాల్కనీ తుడిచే గుడ్డ చేశాను. ఆ గుడ్డ కూడా ఎప్పుడో పారేశాను.

"నేను ఇప్పుడే వస్తున్నాను యాదమ్మా. పొద్దున రాలేదు" అన్నాను.

"మజాక్ చెయ్యకు మేడం" అని నవ్వింది.

విచారణ ఒక చిన్న అద్దాల గదిలో. హెచ్ ఆర్ నీలిమ ఉంది, జహంగీర్ గారు ఉన్నారు. రవికిరణ్ తెర మీద వస్తాడన్నారు. అతను అదే అంతస్తులో, మాకు యాభై అడుగుల దూరంలో ఉన్నాడు. అందరూ కలిసి కూర్చోవాలని పట్టుబట్టి రప్పించి, వచ్చాక ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ మాట నీలిమతో అన్నాను కూడా. ఆమె వినిపించుకోలేదు.

గేటు దగ్గర కెమెరాలో పడిన దృశ్యం చూపించారు. కెమెరా వెనక నుంచి ఉంది, మొహం కనిపించదు. ఒక ఆడమనిషి కార్డు ఆనించి లోపలికి వెళ్తోంది. నా అంత పొడుగు, నా జడ, భుజానికి ఆకుపచ్చ డ్రెస్సు చున్నీ. ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నట్టు నడక. నేను అలా నడుస్తానని నాకు అప్పటిదాకా తెలియదు. మా అమ్మ ఎప్పుడూ అంటూ ఉండేది, నేనే ఒప్పుకునేదాన్ని కాదు. ఇంకోసారి వేయమని, రెండోసారి చూశాను.

"ఇది యాదమ్మ కాదు కదండీ" అన్నాను. "యాదమ్మ నా భుజం దాకా కూడా రాదు."

"ఆవిడ ఇంకెవరితోనైనా చేయించి ఉండచ్చు మేడం. లోపల మనిషి సాయం లేకుండా జరగదు" అంది నీలిమ.

"నేనే ఒకళ్ళని పంపిస్తే, నేను రాలేదని నేనే ఎందుకు రాస్తాను?"

"భయపడి ముందే చెప్పేసి ఉండచ్చు."

నేను భయపడే రకంలా కనిపిస్తున్నానా అని అడిగాను. నీలిమ ఒక కాగితం నా ముందుకి తోసింది. నా రెండో కార్డు తెలియక యాదమ్మకి ఇచ్చానని అందులో రాసి ఉంది. కింద సంతకానికి చోటు.

"దీని మీద సంతకం చేస్తే మీకొక వార్నింగ్ లెటర్, అంతే మేడం. మీరు ఇంటి నుంచే చేసుకునేలా కూడా నేను మాట్లాడతాను."

"యాదమ్మకి?"

"ఆవిడ మన ఎంప్లాయీ కాదు కదండీ. ఏజెన్సీ వాళ్ళు చూసుకుంటారు."

ఏజెన్సీ చూసుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. రేపటినుంచి రావద్దని ఫోన్ చేయడం. నాకు కావలసిందల్లా ఆ కాగితంలో ఉంది, ఇంటి నుంచి పని, గొడవ లేకుండా. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కాగితం వైపు చూశాను. అందుకు నామీద నాకే అసహ్యం వేసింది. కాగితం వెనక్కి తోసేశాను.

"నన్ను తీసేయండి కావాలంటే. ఇది మాత్రం రాయను."

అప్పుడు తెర మీదకి రవికిరణ్ వచ్చాడు, హడావిడిగా, హెడ్‌ఫోన్స్ సర్దుకుంటూ.

"సారీ, లేటయింది. పద్మజ మేడం గూడా రావల్ల కదా? ఈడే నా ఎదురుగా ఉంది. పిల్చుకొని వస్తా ఉండండి."

పక్కకి తిరిగి "మేడం" అని పిలిచాడు కూడా. మళ్ళీ తెర వైపు తిరిగాడు. తెర మీద మా గది అతనికి కనిపిస్తోంది. నీలిమ, జహంగీర్ గారు, వాళ్ళ మధ్యలో నేను.

అతని మొహం పాలిపోయింది. నీలిమే తేరుకుని, నీ లాప్‌టాప్ అటు తిప్పు అంది. తిప్పాడు. కిటికీ పక్కన నా పాత సీటు. కుర్చీ ఖాళీగా ఉంది. ఆ వరసలో ఇంకెవరూ లేరు, వరసంతా చీకటి. నా సీటు మీద దీపం ఒక్కటి వెలుగుతోంది.

జహంగీర్ గారు అప్పటికే పరుగెత్తారు. ఆయన తెరలోకి వచ్చి, బల్ల కిందా కిటికీ తెరల వెనకా చూడడం మాకు కనిపించింది. ఎవరూ లేరు.

"ఇప్పుడే నాతో మాట్లాడింది" అన్నాడు రవికిరణ్.

"ఏమంది?" అని నేనే అడిగాను.

"ఏసీ ఎక్కువైంది రవీ, తగ్గించమని చెప్పు, అనింది."

ఆ మాట నేను ఆ సీట్లో కూర్చున్నన్నాళ్ళూ రోజూ అన్నదే.

నీలిమ చదువుకున్న పిల్ల. కాసేపటికి తనే ఒక కారణం వెతుక్కుంది. రవికిరణ్ పని ఒత్తిడిలో ఎవర్నో చూసి నేననుకున్నాడంది. ఆ ఎవరో ఎవరని అడిగితే, అదే తేలాలి అంది. చివరికి ఐదు రోజుల గడువిచ్చింది. వచ్చే మంగళవారం స్వైప్ పడకపోతే ఫైలు మూసేస్తారు. పడిందా, యాదమ్మ లోపలినుంచి నడిపిస్తోందనే లెక్క, ఆ రోజే తీసేయమని ఏజెన్సీకి రాస్తారు.

పాంట్రీలో యాదమ్మని కూర్చోబెట్టి అంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను, భయపడలేదు. ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిగతాది విని కాసేపు ఆలోచించి తలాడించింది.

"గట్లనా. నాకిప్పుడు సమజైంది మేడం. లాప్‌టాప్‌లు ఇచ్చిన దినం యాదికున్నదా? గదే పచ్చ డ్రెస్. బ్యాగ్ ఏస్కొని ఉర్కుకుంట, నా దిక్కు చూసి ఏమన్నవ్?"

నాకు గుర్తు లేదు.

"వెళ్ళొస్తా యాదమ్మా, అన్నవ్. జల్ది రా మేడం, అన్న నేను. నువ్వు రాలే. గా మాట వచ్చింది."

నేను గట్టిగా నవ్వేశాను. మాటలు నడిచి రావడమేమిటి? మా ఇళ్ళల్లో గుమ్మం దాటుతూ "వెళ్తాను" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తాను" అనిపించేదాకా వదలరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వెయ్యి చోట్ల అని ఉంటాను. మళ్ళీ వెళ్ళని ఊళ్ళూ, మళ్ళీ ఎక్కని గడపలూ ఎన్ని లేవు? అన్నిచోట్లకీ నేనే తిరుగుతున్నానా? ఇదంతా యాదమ్మకి చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది.

"నాకు గవన్ని తెల్వదు. నువ్వు పొయ్యి నీ కుర్చి కాడ నిలవడి, పోతున్న, ఇగ రాను, అని చెప్పు. ఒక్క మాట. నీదేం పోతది మేడం?"

నాదేం పోదు. పోయేది ఆమెది. నాకు నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కానీ నా వల్ల వచ్చిన చిక్కు ఇది, ఆ మనిషి నన్ను అడిగిన సాయం ఒక్క మాట. సరే పద అన్నాను.

ఇద్దరం ఆ కిటికీ పక్క సీటు దగ్గరికి వెళ్ళాం. దీపం ఇంకా వెలుగుతోంది. బల్ల మీద ఏమీ లేదు. పన్నెండు దాటింది, కిటికీలోంచి ఎండ కళ్ళలో పడుతోంది. కింద రోడ్డు నిండా కార్లు. భయం వేయలేదు. సిగ్గు వేసింది, నలభై మూడేళ్ళ వయసులో ఖాళీ కుర్చీతో మాట్లాడ్డానికి. ఎవరూ చూడట్లేదని చూసుకుని, గొంతు సవరించుకుని, కుర్చీ వీపు మీద చెయ్యి వేశాను.

"వెళ్ళొస్తానండీ" అన్నాను.

నిజంగానే అలాగే వచ్చింది నోట్లోంచి. పైగా అండీ ఒకటి. పక్కన యాదమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో మేడం! మల్ల గదే అన్నవ్!"

మళ్ళీ మొదలుపెట్టాను. పోతున్నాను, రాను, అని రెండుసార్లు అన్నాను. కానీ మొదట అన్న మాట అననే అన్నాను. యాదమ్మ మొహం చూస్తే నాకూ దిగులు పట్టుకుంది. దిగులుగా ఉండి కూడా ఇద్దరం నవ్వుకున్నాం.

మంగళవారం దాకా నాకు నిద్ర సరిగా లేదు. దయ్యం గురించి కాదు. స్వైప్ పడితే యాదమ్మ పోతుంది. ఇంట్లో కూర్చుని ఆ వార్త వినడం నాకు ఇష్టం లేదు. టెస్టింగులో ఒక పద్ధతి ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోందో అక్కడే నిలబడి, సాక్షుల ఎదుట, జరుగుతుండగా చూడాలి. జహంగీర్ గారికి ఫోన్ చేసి చెప్పాను.

"రండి మేడం. నేను గూడ మీ పక్కకే నిలబడ్త. ఏం ఫికర్ చెయ్యకండి" అన్నారాయన. రవికిరణ్ మొహం చూసినప్పట్నుంచి ఆయనకీ మనసులో ఏదో నలుగుతోంది.

మంగళవారం తొమ్మిదింటికి గేట్ల బయట ముగ్గురం నిలబడ్డాం. మధ్యలో యాదమ్మ, అటు జహంగీర్ గారు, ఇటు నేను. నా కార్డు నా కుడి చేతి గుప్పిట్లో. ఆఫీసులకి వెళ్ళే జనం గేటుకొకరు చొప్పున లోపలికి వెళ్తున్నారు. ఒక్కో మొహం చూశాను. ఆకుపచ్చ డ్రెస్సు వేసుకున్నవాళ్ళు ఇద్దరు వచ్చారు, ఇద్దరూ పాతికేళ్ళ లోపు పిల్లలు, కార్డు మీద పేర్లు కూడా చదివాను. తొమ్మిదీ ముప్పై ఎనిమిదయింది. నలభైయింది. నాలాంటి మనిషి ఎవరూ గేటు దాటలేదు.

యాదమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. జహంగీర్ గారి చేతిలో టాబ్ ఉంది, దాన్ని ఆయన ఇంకా చూడలేదు.

"ఒక్కసారి నా కార్డు పనిచేస్తుందేమో చూస్తాను" అని గేటుకి ఆనించాను.

ఎర్ర లైటు వెలిగింది. గేటు తెరుచుకోలేదు. చిన్న తెర మీద ఇంగ్లీషులో వచ్చింది, మీరు ఇప్పటికే లోపల ఉన్నారు అని.

జహంగీర్ గారు టాబ్ తీసి చూశారు. తొమ్మిదీ ముప్పై ఎనిమిది, మూడో గేటు, నా పేరు, నా కార్డు నంబరు. మేము ఆ మూడో గేటు ముందే నిలబడి ఉన్నాం.

ఆయన టాబ్ నా వైపు తిప్పారు. నాకు భయం వేసింది, ఒప్పుకుంటాను. కానీ అంతకన్నా ముందు గుర్తొచ్చింది యాదమ్మ. జహంగీర్ గారిని వదల్లేదు. అక్కడే రిజిస్టరు తెప్పించి రాయించాను. కార్డు ఉద్యోగి చేతిలో ఉంది, ఉద్యోగి గేటు బయట ఉంది, హౌస్‌కీపింగ్ యాదమ్మ ఆ సమయంలో నా పక్కన ఉంది, ఆమెకి దీనితో ఏ సంబంధమూ లేదు. ఆయన సంతకం పెట్టారు. నేను పెట్టాను. యాదమ్మ తన పేరు తెలుగులో రాసింది, నెమ్మదిగా, ఒక్కో అక్షరం. ఫోటో తీసి అక్కడినుంచే నీలిమకి పంపించాను. యాదమ్మ తప్పేమీ లేదని ఉత్తరం రాసిచ్చేదాకా రోజుకొక మెయిల్ పెట్టాను. నాలుగోరోజు ఇచ్చింది.

ఆ పొద్దున జహంగీర్ గారు నన్ను అడిగారు. "మేడం, నా కార్డుతోని గేటు తీస్త. లోపలికి పోతరా?"

"వద్దండీ. ఉన్నాను కదా" అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను ఇంటికొచ్చి లాగిన్ అయి పని చేసుకున్నాను.

ఇప్పటికీ ఆ స్వైపులు పడుతూనే ఉన్నాయి. కంపెనీ వాళ్ళు ఆ ఊసే ఎత్తరు. లెక్కల్లో నా హాజరు నిండుగా ఉంది, వాళ్ళకి అంతే కావాలి. నెలాఖరున మెప్పు మెయిల్ వస్తుంది. నేను రాలేదని ప్రతిసారీ జవాబు రాస్తాను. రాస్తూనే ఉంటాను. రవికిరణ్ మాత్రం సీటు మార్చుకున్నాడు. కెమెరా లోపమనీ, గేటు సాఫ్ట్‌వేర్ తప్పనీ, నా పాత కార్డు నకలెవరో చేశారనీ తెలిసినవాళ్ళు రకరకాలుగా చెప్పారు. అన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించి చూశాను. ఏ ఒక్కటీ జరిగినదానికి పూర్తిగా సరిపోదు. అలాగని దయ్యమని మాత్రం నా చేత అనిపించలేరు. నాకు తెలియదు, అంతే.

గేటు దగ్గర్నుంచి ఆ రోజు యాదమ్మ నన్ను ఆటో దాకా దిగబెట్టింది. ఎలాగైనా దాన్ని ఆపే దారి చూస్తాను, నువ్వు భయపడకు, అన్నాను.

"ఎందుకు మేడం, ఉండనీ" అంది. "నాలుగింటికి ఒచ్చి నాతోని చాయ్ తాగుతది. నా బిడ్డ సంగతి అడుగుతది. అంత పెద్ద అంతస్తుల నేను ఒక్కదాన్నే కద."

"నీకు భయం లేదా?"

"ఏం భయం? నువ్వే కద." ఆటో కదలబోతుంటే, నిష్ఠూరమేమీ లేకుండా, ఏదో గుర్తొచ్చినట్టు అంది. "నువ్వైతే గీ నాలుగేండ్లల్ల ఒక్క ఫోనన్న చెయ్యలే మేడం."

నా ఫోన్లో యాదమ్మ నంబరు మొదటినుంచీ ఉంది. తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి ఎవరు లోపలికి వెళ్తున్నారని ఎవరైనా అడిగితే తెలియదని తల ఎత్తుకునే చెబుతాను. ఆ ఫోన్ ఎందుకు చేయలేదని అడిగితే మాత్రం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.